కొపెల్‌లో పింకర్‌టన్ స్కూల్ మూసేయడం సరైన నిర్ణయమేనా?

శ్రీను_వ్యాలీరాంచ్

టెక్సస్‌లో డాలస్ పక్కన మా కొపెల్ ఐఎస్‌డీ (ప్రభుత్వ స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) చిన్నదే. పిల్లలు సుమారు 13,000 మంది. కొపెల్ ఊరితో పాటు ఇర్వింగ్‌లోని మా వ్యాలీ రాంచ్ కూడా ఇందులోకే వస్తుంది. ఏ వీధిలో చూసినా తెలుగువాళ్లు ఉంటారు. చాలామందిమి ఈ స్కూళ్ల కోసమే, ఇళ్లు ఖరీదైనా ఇక్కడ కొనుక్కున్నాం.

2024 డిసెంబర్‌లో స్కూల్ బోర్డు పింకర్‌టన్ ఎలిమెంటరీని మూసేయాలని ఓటు వేసింది. 2024-25 చదువులతో అది మూతపడింది. ఐబీ (ఇంటర్నేషనల్ బకలోరియట్) అనే అంతర్జాతీయ బోధన పద్ధతిలో నడిచిన స్కూల్ అది. కారణం బడ్జెట్ లోటు అన్నారు.

నా ఉద్దేశం సూటిగా చెప్తాను. నేను కట్టే ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద భాగం స్కూళ్లకే పోతుంది. ఇళ్ల విలువలు ఇంత పెరిగిన ఊళ్లో స్కూల్ నడపడానికి డబ్బు లేదంటే నాకు నమ్మకం కలగడం లేదు. బోర్డుకి ఖర్చు అదుపులో పెట్టడం చేతకావడం లేదనే అనుకుంటున్నాను. మీరేమంటారు?

లలిత_లెక్కలు

శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది కానీ తప్పు చోట చూస్తున్నారు. నేను అకౌంటింగ్‌లో పనిచేస్తాను, మూడేళ్లుగా ఈ బడ్జెట్ కాగితాలు చదువుతున్నాను.

టెక్సస్‌లో మీ ఇంటి విలువ పెరిగితే డిస్ట్రిక్ట్ చేతిలో డబ్బు పెరగదు. ఒక్కో పిల్లకి ఎంత ఇవ్వాలో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో లెజిస్లేచర్ నిర్ణయిస్తుంది. ఆ మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు చేశారు. 2025 దాకా ఒక్క డాలర్ కూడా పెంచలేదు. ఈలోగా జీతాలు, బస్సులు, ఇన్సూరెన్స్, కరెంటు అన్నీ కలిపి ధరలు ఐదో వంతుకు పైనే పెరిగాయి. 2023లో రాష్ట్రం దగ్గర దాదాపు 3,300 కోట్ల డాలర్ల మిగులు ఉంది. అయినా ప్రైవేట్ స్కూల్ వోచర్ల (ప్రైవేట్ ఫీజులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) మీద గవర్నర్‌కీ సభలో కొందరు సభ్యులకీ పట్టుదలలు వచ్చి, స్కూళ్ల నిధుల బిల్లు ఆగిపోయింది.

ఇళ్ల విలువ పెరిగితే ఏమవుతుందంటే, మీ దగ్గర వసూలైన దాంట్లో ఫార్ములా కంటే ఎక్కువ ఉన్నది రాష్ట్రం తీసుకుంటుంది. దాన్ని రీక్యాప్చర్ అంటారు, జనం రాబిన్ హుడ్ అంటారు. 1993 నుంచి ఉంది. కొపెల్ ఏళ్లుగా కడుతోంది. పక్కనున్న ప్లేనో కూడా.

ఇంకోటి. డబ్బు వచ్చేది పేరు రాయించుకున్న పిల్లల లెక్కన కాదు, రోజూ హాజరైన పిల్లల లెక్కన. ఇది మన తెలుగువాళ్లం వినాల్సిన విషయం. క్రిస్మస్ సెలవులకి ఇండియా వెళ్లి, సంక్రాంతి కూడా చూసుకుని జనవరి మూడో వారంలో తిరిగొస్తాం. అలా బడి మానిన ఒక్కో రోజుకి ఒక్క పిల్ల మీద డిస్ట్రిక్ట్‌కి సుమారు 35 డాలర్లు తగ్గుతాయి. వెళ్లొద్దని అనను, మా అత్తగారు మనవడిని చూసేది అప్పుడే. కానీ ఖర్చు అదుపు గురించి మాట్లాడేటప్పుడు ఇదీ లెక్కలోకి రావాలి.

హిమబిందు_ముగ్గురమ్మ

లలిత గారూ, లెక్క బాగానే చెప్పారు. మరి బాండ్ల (ఓటర్ల ఆమోదంతో డిస్ట్రిక్ట్ చేసే అప్పుల) మాటేమిటి? కోట్ల డాలర్ల బాండ్లు పాస్ చేయించుకుంటారు, కొత్త రూఫులు, కొత్త టర్ఫ్, కొత్త బస్సులు. అదే డబ్బుతో నలుగురు టీచర్లని పెట్టుకోలేరా?

చిన్న స్కూల్‌లో ఉన్న విలువ మీ ఎక్సెల్ షీట్‌లో కనిపించదండీ. ప్రిన్సిపల్‌కి ప్రతి పిల్ల పేరూ తెలుస్తుంది. మా రెండో వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. మేము అప్పుడున్న వేరే ఊళ్లో ఓ చిన్న స్కూల్లో వేశాం. స్పీచ్ టీచర్ వారంలో రెండు రోజులు వాడి పక్కనే కూర్చునేది. ఆమె వల్లే వాడు ఇవాళ నాతో వాదిస్తున్నాడు. పెద్ద స్కూల్‌కి మారాక ఆరు వారాలు వాడి పేరు ఎవరూ సరిగా పలకలేదు. నేను పింకర్‌టన్ తల్లిదండ్రుల పక్షమే.

లలిత_లెక్కలు

బిందు గారూ, ఆ ప్రశ్న అందరూ అడుగుతారు. పన్నులో రెండు సంచులుంటాయి. ఒకటి నిర్వహణకి: జీతాలు, కరెంటు. రెండోది అప్పు తీర్చడానికి: భవనాలు, బస్సులు. రెండో సంచిలోంచి ఒక్క టీచర్‌కి కూడా జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. పైగా ఆ రెండో సంచి మీద రీక్యాప్చర్ లేదు. అంటే బాండ్ డబ్బు మొత్తం ఊళ్లోనే ఉంటుంది. అందుకే ఒకవైపు కొత్త రూఫ్, ఇంకోవైపు టీచర్ పోస్టు రద్దు. చూడటానికి అన్యాయంగా ఉంటుంది, కానీ బోర్డు చేసిన నియమం కాదు అది.

మీ బాబు గురించి చెప్పింది మాత్రం కాదనలేను. దానికి నా దగ్గర లెక్క లేదు.

సాన్‌ఆంటోనియో_రమణ

నేను సాన్ ఆంటోనియోలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. రాబిన్ హుడ్ అనగానే డాలస్ వైపు మనవాళ్లు మా డబ్బు దోచుకుపోతున్నారంటారు. అది ఎక్కడ మొదలైందో చెప్పాలి.

ఇక్కడ ఎడ్జ్‌వుడ్ అని చిన్న, పేద డిస్ట్రిక్ట్ ఉంది. దాదాపు అందరూ మెక్సికన్ అమెరికన్లే. 1968లో అక్కడి హైస్కూల్ పిల్లలు క్లాసులు వదిలి రోడ్డు మీదికొచ్చారు, స్కూల్ భవనం పాడైపోయిందని, అర్హతలున్న టీచర్లు లేరని. డెమెట్రియో రోడ్రిగ్స్ అనే తండ్రి, ఇంకొందరు కలిసి కోర్టుకెళ్లారు. ఆ కేసులో ఉన్న అంకెలు చూడండి. ఎడ్జ్‌వుడ్ వాళ్లు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు పన్ను కట్టేవాళ్లు. అదే ఊళ్లో ఉన్న ధనిక డిస్ట్రిక్ట్ అలామో హైట్స్ 85 సెంట్లు. తక్కువ పన్ను కట్టిన అలామో హైట్స్ పిల్లకి 594 డాలర్లు అందాయి. ఎక్కువ కట్టిన ఎడ్జ్‌వుడ్ పిల్లకి 356, అదీ కేంద్రం సాయం కలిపితే.

1973లో అమెరికా సుప్రీంకోర్టులో 5-4తో ఓడిపోయారు. మళ్లీ 1984లో రాష్ట్ర కోర్టుకెళ్లి 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో ఏకగ్రీవంగా గెలిచారు. ఆ తీర్పు ఫలితమే రీక్యాప్చర్. రాబిన్ హుడ్‌ని తీసేయమనే ముందు ఆ 356 గుర్తుపెట్టుకోండి. నా పెద్దకూతురు అలాంటి పేద డిస్ట్రిక్ట్‌లోనే టీచర్‌గా చేస్తోంది, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

లలిత_లెక్కలు

రమణ గారూ, నేను రీక్యాప్చర్ తీసేయమనలేదు. నా ఫిర్యాదు వేరు. కొపెల్ నుంచి వెళ్లిన డాలర్ ఎడ్జ్‌వుడ్ లాంటి చోట అదనపు డాలర్‌గా చేరడం లేదు. అది ఉమ్మడి నిధిలో పడి, రాష్ట్రం తన ఖజానా నుంచి వేయాల్సిన డాలర్‌ని ఆ మేరకు తగ్గిస్తోంది. మనమూ పేద డిస్ట్రిక్టులూ ఒకరినొకరం తిట్టుకుంటూ ఉంటే ఆస్టిన్ తన వాటా గురించి జవాబు చెప్పకుండా తప్పించుకుంటుంది.

సాన్‌ఆంటోనియో_రమణ

దీనికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

ప్రసాదరావు_మాస్టారు

అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను. జిల్లా పరిషత్ హైస్కూల్‌లో హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను. మీ చర్చ చదువుతుంటే ఆంధ్రప్రదేశ్‌లో మావైపు 2022లో జరిగింది గుర్తొచ్చింది. ప్రాథమిక పాఠశాలల్లో 3, 4, 5 తరగతుల్ని దగ్గరి హైస్కూళ్లకి పంపారు. సబ్జెక్ట్ టీచర్లు దొరుకుతారన్నది ఆలోచన, అందులో నిజం లేకపోలేదు. కానీ మా పక్క ఊరి పిల్లలు హైవే దాటి రావాల్సి వచ్చింది. కొందరు తల్లిదండ్రులు అప్పులు చేసి ప్రైవేట్ వ్యాన్ ఎక్కించారు. ఊళ్లో మిగిలిన బడికి రెండు తరగతులే. 2025లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుని, తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్నారు. మధ్యలో మూడేళ్లు చదివిన పిల్లల సంగతి ఎవరూ అడగలేదు.

ఇక్కడ నాకు నచ్చింది ఒకటుంది. నిర్ణయం తీసుకున్న ఏడుగురూ ఇదే ఊళ్లో ఉంటారు, కిరాణా షాపులో కనబడతారు. మా ఊరి బడి గురించి ఉత్తర్వు ఇచ్చినవాళ్లని మేము ఎన్నడూ చూడలేదు.

శ్రీను_వ్యాలీరాంచ్

మాస్టారూ, నమస్కారం. కనబడితే ఏం లాభమండీ? నేను హెచ్-1బీ మీద పద్నాలుగేళ్లుగా ఉన్నాను, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నాను. పన్ను కడతాను, ఓటు లేదు. బోర్డు ఎన్నిక మే నెలలో జరుగుతుంది, నా వీధిలో ఓటున్న వాళ్లకే గుర్తుండదు. మన మాట ఎవరు వింటారు?

కిరణ్_పీటీఓ

శ్రీను గారూ, ఓటు లేనంత మాత్రాన నోరు లేనట్టు కాదు. టెక్సస్‌లో 2019 చట్టం ప్రకారం, బోర్డు ఏ అంశం మీద నిర్ణయం తీసుకుంటున్నా దాని మీద మాట్లాడే హక్కు వచ్చిన ప్రతి మనిషికీ ఉంది. పౌరసత్వం అడగరు. నేనూ వీసా మీదున్నవాడినే. మా డిస్ట్రిక్ట్‌లో, ఊరి పేరు వద్దులెండి, ఆర్కెస్ట్రా క్లాస్ తీసేస్తామంటే వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడాను. చేతులు వణికాయి, చాలా టెన్షన్ పడ్డాను. హాల్లో తెలుగువాడిని నేనొక్కడినే. క్లాస్ నిలబడలేదు. కానీ ఒక ట్రస్టీ (బోర్డు సభ్యుడు) బయటికొచ్చి, బడ్జెట్ కమిటీలో తల్లిదండ్రుల సీటు ఖాళీగా ఉందని చెప్పారు. ఇప్పుడు అందులో ఉన్నాను.

ఇంకో మాట. ట్రస్టీలకి జీతం ఉండదు. రాత్రి పదకొండు దాకా కూర్చుంటారు. వాళ్లని తప్పు పట్టొచ్చు, కానీ చేతకానివాళ్లు అనే మాట నాకు నచ్చలేదు. అదే 2024లో మన చుట్టుపక్కల డిస్ట్రిక్టులు కూడా, ప్లేనో నాలుగు స్కూళ్లు, రిచర్డ్‌సన్ నాలుగు ఎలిమెంటరీలు, లూయిస్‌విల్ ఐదు మూయాలని తేల్చాయి. అన్ని బోర్డులూ ఒకేసారి చేతకానివైపోవు కదా.

హిమబిందు_ముగ్గురమ్మ

ఇన్ని చోట్ల మూస్తున్నారంటే పిల్లలే తగ్గుతున్నారన్నమాట. నిజమే, మా కజిన్ వాళ్లు కొపెల్‌లో కొనలేక ప్రాస్పర్ అనే ఊరికి వెళ్లారు. అక్కడ ఏటా కొత్త స్కూళ్లు కడుతున్నారట. ఐదు లక్షల డాలర్లలో ఇల్లు దొరకని చోట కిండర్‌గార్టెన్ పిల్లలున్న జంట ఎలా వస్తుంది? ఇళ్ల ధరలు పెరగాలని కోరుకునేది మనమే, క్లాసుల్లో పిల్లలు లేరని బాధపడేదీ మనమే.

అయినా ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. 2025లో 850 కోట్ల డాలర్లు ఇచ్చామని రాష్ట్రం చెప్తోంది కదా. అది సరిపోదా?

లలిత_లెక్కలు

అందులో మూల మొత్తం పెరిగింది 55 డాలర్లు. మిగతాది చాలావరకు టీచర్ల జీతాల పెంపుకి కేటాయించారు, అది మంచిదే. కానీ ఇక్కడ కూడా ఒక గీత గీశారు. 5,000 మంది లోపు పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో ఐదేళ్ల అనుభవమున్న టీచర్‌కి 8,000 డాలర్లు, అంతకంటే పెద్ద డిస్ట్రిక్ట్‌లో 5,000. మనం కొపెల్‌ని చిన్నది అనుకుంటాం కానీ ఆ చట్టం దృష్టిలో పెద్దదే. అదే ఏడాది ప్రైవేట్ స్కూల్ ఫీజులకి 100 కోట్ల డాలర్ల పథకం కూడా పాసైంది.

మీ స్కూల్ బాగా చదువు చెప్తుందా లేదా అన్నది ఈ ఫార్ములాలో ఎక్కడా లేదు. స్కూళ్లకి రాష్ట్రం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు వేరే లెక్క. ఆ గ్రేడ్లు కూడా కోర్టు కేసుల వల్ల 2023వి 2025 ఏప్రిల్‌లో, 2024వీ 2025వీ కలిపి ఆగస్టులో వచ్చాయి. కేజీ నుంచి ఐదు దాకా పాఠం చెప్పే స్కూల్‌ని మూయాలా వద్దా అని ఓటు వేసేటప్పుడు బోర్డు ముందున్నది కొత్త గ్రేడ్ కాదు, ఖాళీ సీట్ల లెక్క.

శ్రీను_వ్యాలీరాంచ్

లలిత గారూ, రమణ గారూ, చదివాను. బోర్డు చేతకానిది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పింకర్‌టన్‌ని మూయడం సరైనదే అని మాత్రం ఇంకా అనలేను. ఐబీ పద్ధతిని వేరే స్కూల్‌లోనైనా బతికించాల్సింది అని నా మనసు.

కిరణ్ గారూ, మాట్లాడటానికి పేరు ఎప్పుడు ఇవ్వాలి? ఎజెండా ఎక్కడ దొరుకుతుంది?

కిరణ్_పీటీఓ

ఎజెండాని మీటింగ్‌కి మూడు పని దినాల ముందు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, అది చట్టం. ఎజెండాలో ఉన్న అంశం నంబర్ రాసుకోండి, హాల్ తలుపు దగ్గర కార్డు ఇస్తారు లేదా ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వమంటారు, డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది. మీరు వెళ్లే రోజు చెప్పండి, నేనూ వస్తాను. మా ఊరి నుంచి ఇరవై నిమిషాలే.