పాత డీజిల్ మోటార్ యాట్: ఒక ఇంజనా, రెండా?

దూరతీరం:
నాలుగు నెలలుగా వెతికి వెతికి చివరికి రెండు పడవల దగ్గర ఆగాను. రెండూ 38 అడుగులే. మొదటిది పాతికేళ్ళ పడవ, పొడవాటి కీల్ (పడవ అడుగున వెన్నెముకలా సాగే భాగం), మధ్యలో ఒకే ఒక్క 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, 210 హార్స్‌పవర్, డీజిల్ అందించేది పాతకాలపు మెకానికల్ పంప్, కంప్యూటర్ లాంటిదేమీ లేదు, మీటర్ మీద 3,400 గంటలు. రెండోది 18 ఏళ్ళది, అదే సైజు బ్లాక్‌తో కామన్ రైల్ (డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటర్ నడిపే రకం) ఇంజన్లు రెండు, ఒక్కోటి 380 హార్స్‌పవర్, తిరిగింది 410 గంటలు మాత్రమే. మా ఆవిడకి రెండోదే నచ్చింది, నేనూ దాదాపు అటే మొగ్గుతున్నాను, ఎందుకంటే సముద్రంలో ఒకటి ఆగిపోయినా ఇంకోటి ఉంటుందన్న ధైర్యం, పైగా 410 గంటలంటే కొత్తదాని కిందే లెక్క కదా. మేం తిరిగేది ఇద్దరమే, తీరం వెంబడి, రోజుకు 30, 40 నాటికల్ మైళ్ళు. ఎక్కడైనా తప్పులో కాలేస్తున్నానా?

ఇంజన్‌గది:
ఆ "కొత్తదాని కింద లెక్క" అన్న మాట మీదే నాకు అభ్యంతరం. 18 ఏళ్ళలో 410 గంటలంటే ఏడాదికి 23 గంటలు కూడా కాదు. మిగతా కాలమంతా ఆ ఇంజన్లు ఉప్పునీటి మీద, తేమ గాలిలో ఊరికే కూర్చున్నాయి. పడవల్లో డీజిల్ ఇంజన్లు అరిగిపోయి చావడం తక్కువ, చాలావరకు ఉప్పునీరు తిని చస్తాయి. ఎగ్జాస్ట్ ఎల్బో, అంటే పొగ బయటికి పోయే వంపు గొట్టం, లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లు పడితే నీళ్ళు వెనక్కి టర్బోలోకి, అక్కణ్ణుంచి సిలిండర్లలోకి వెళ్తాయి. టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్‌లో ఒక పక్క ఇంజన్ పీల్చే గాలి, ఇంకో పక్క సముద్రపు నీరు, మధ్యలో ఉన్నది పల్చటి గొట్టాలే. అవి కారడం మొదలైతే ఉప్పు నేరుగా పిస్టన్ల మీదికే పోతుంది. ఇవేవీ గంటల మీటర్ చూసి పాడవ్వవు, క్యాలెండర్ చూసి పాడవుతాయి. 3,400 గంటలు తిరిగిన ఇంజన్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చారో, కూలర్ ఎప్పుడు విప్పారో రాసిన పుస్తకం ఉంటే నేను దాన్నే ముందు చూస్తాను.

రెండు_పంకాలు:
తేమ గురించి చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను, కానీ రెండు ఇంజన్ల ధైర్యాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దు. మూడేళ్ళ కిందట రేవు ముఖద్వారంలో ఉండగా ఎడమ ఇంజన్‌కి చల్లనీళ్ళు తెచ్చే రబ్బరు గొట్టం పగిలింది, ఆలారం మోగింది, వెంటనే ఆపేశాను. గాలి నన్ను రాళ్ళ వైపే తోస్తోంది, లంగరు వేసి అది పట్టేదాకా ఆగే చోటు కూడా లేదు. కుడి ఇంజన్ మీద లోపలికి వచ్చేశాను. ఒకటే ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తలచుకోవాలంటే టెన్షనే. ఇక ఇరుకు జెట్టీ దగ్గర ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వేసి పడవని ఉన్నచోటే తిప్పుకోవడం ఎంత సుఖమో వాడినవాళ్ళకే తెలుస్తుంది. అదే ఒక్క ఇంజన్ పడవైతే బౌ థ్రస్టర్, అంటే పడవ ముక్కుని పక్కకి తోసే చిన్న పంకా, కావాల్సిందే.

నెమ్మదినావ:
మీ అనుభవాన్ని కాదనను, రెండు_పంకాలు గారూ. గొట్టం పగలడం ఒక ఇంజన్‌కే వచ్చే జబ్బు, అక్కడ రెండోది కాపాడుతుంది. కానీ డీజిల్ ఇంజన్ దారిలో ఆగిపోవడానికి పెద్ద కారణం చెత్త ఇంధనం. ట్యాంకు అడుగున నీళ్ళు చేరితే అక్కడ సూక్ష్మజీవులు పెరిగి బురద కడుతుంది, సముద్రం అల్లకల్లోలమైన రోజే అది కదిలి ఫిల్టర్లకి అడ్డం పడుతుంది. రెండు ఇంజన్లూ ఒకే ట్యాంకు నుంచి తాగుతుంటే రెండూ పది నిమిషాల తేడాలో ఆగిపోవచ్చు. ఇంకోటి, రెండు ప్రొపెల్లర్లు ఉన్న పడవల్లో చాలావాటికి అవి హల్ (పడవ ఒళ్ళు) కింద ఏ అడ్డూ లేకుండా వేలాడుతుంటాయి, మునిగిన దుంగ తగిలినా వల చుట్టుకున్నా ముందు దెబ్బ వాటికే. పొడవాటి కీల్ వెనక దాక్కున్న ఒక్క ప్రొపెల్లర్‌కి ఆ భయం చాలా తక్కువ.

దూరతీరం గారూ, అసలు మీరు ఎంత వేగంతో వెళ్ళాలనుకుంటున్నారు? నీటిగీత దగ్గర పొడవు 35 అడుగులనుకుందాం. దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే దాదాపు 8 నాట్లు (గంటకి 8 నాటికల్ మైళ్ళు), తన అలని తానే ఎక్కాల్సిన అవసరం లేకుండా అంత బరువు పడవ హాయిగా వెళ్ళే హద్దు అదే. 7 నాట్ల దగ్గర దానికి 50, 60 హార్స్‌పవర్ చాలు. డీజిల్ లీటరుకి గంటసేపు సుమారు 5 హార్స్‌పవర్ ఇస్తుంది కాబట్టి గంటకి 10, 12 లీటర్లు, మైలుకి ఒకటిన్నర లీటరు. అదే 18 నాట్లతో పోవాలంటే ఆ రెండో పడవ 500 హార్స్‌పవర్ వాడుతుంది, గంటకి 100 లీటర్లు, మైలుకి ఐదున్నర. 40 మైళ్ళ రోజుకి తేడా మీరే వేసుకోండి. రెండున్నర గంటల్లో చేరడం మీకు ముఖ్యమైతే రెండోదే కొనండి, ఆరు గంటలు పట్టినా పరవాలేదంటే ఆ 760 హార్స్‌పవర్‌ని ఏళ్ళ తరబడి ఊరికే మోస్తూ తిరగడం దేనికి?

దూరతీరం:
నిజం చెప్పాలంటే వేగం గురించి మేమిద్దరం కూర్చుని మాట్లాడుకోనేలేదు. రాత్రి అడిగితే, మధ్యాహ్నానికల్లా లంగరు వేసి ఈత కొట్టాలి అంది. అంటే పొద్దున్నే బయల్దేరితే 7 నాట్లు సరిపోతాయి. మరి మెకానికల్, ఎలక్ట్రానిక్ సంగతి ఏంటి? పాతది అయితే ఎక్కడైనా బాగుచేయించుకోవచ్చు అంటారు, అంత నిజమా?

ఇంజన్‌గది:
సగం నిజం. మెకానికల్ పంప్ ఉన్న ఇంజన్‌కి ఒకసారి స్టార్ట్ అయ్యాక కావాల్సింది శుభ్రమైన డీజిల్, గాలి, చల్లనీళ్ళు, అంతే, బ్యాటరీ పోయినా చాలావరకు తిరుగుతూనే ఉంటుంది. కానీ పాతవన్నీ ఒకటే అనుకోవద్దు. ఫోర్డ్ లేమన్ 120 చూడండి, 6.2 లీటర్లకి 120 హార్స్‌పవర్ మాత్రమే, ఒత్తిడి లేని ఇంజన్, కానీ దాని ఇంజెక్షన్ పంప్‌కి వేరే ఆయిల్ ఉంటుంది, అది 50 గంటలకోసారి మార్చాలని తెలియక వదిలేసినవాళ్ళు ఉన్నారు. క్యాటర్‌పిల్లర్ 3208 గట్టిదే, కాకపోతే అందులో మార్చుకునే లైనర్లు (సిలిండర్ లోపలి తొడుగులు) ఉండవు, సిలిండర్ అరిగితే బ్లాక్‌నే బోర్ చేయించాలి. డెట్రాయిట్ 71 సిరీస్ టూ స్ట్రోక్ 1938 నుంచి ఉన్నది, మెకానిక్‌లకి కొట్టినపిండి, కానీ చప్పుడూ ఎక్కువే, దాహమూ ఎక్కువే.

నేను ముందు చూసేది లీటరుకి ఎంత హార్స్‌పవర్ పిండుతున్నారన్నది. మీ మొదటి పడవలో 5.9 లీటర్లకి 210, అంటే లీటరుకి 36. రెండోదాంట్లో అదే 5.9 నుంచి 380, అంటే 64. పైగా తయారీదారులు ఇచ్చే ఆ పెద్ద అంకె సరదా వాడకానికి ఇచ్చే రేటింగ్, రోజంతా ఫుల్ త్రాటిల్ మీద నడపమని కాదు. ఎక్కువ పిండిన ఇంజన్ చెడ్డదని అనడం లేదు, దానికి క్షమాగుణం తక్కువ, అంతే. ఆఫ్టర్‌కూలర్‌ని రెండేళ్ళకోసారి విప్పి, కడిగి, ప్రెషర్ టెస్ట్ చేయకపోతే అది ఊరుకోదు.

రెండు_పంకాలు:
ఎలక్ట్రానిక్ ఇంజన్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది, అది ఎవరూ చెప్పట్లేదు. దాని కంప్యూటర్ ఎన్ని గంటలు ఎంత లోడ్ మీద తిరిగిందో దాచిపెట్టుకుంటుంది. టెక్నీషియన్ లాప్‌టాప్ పెట్టి చూస్తే అమ్మేవాళ్ళు చెప్పిన కథ నిజమో కాదో తేలిపోతుంది. పాత పడవ డాష్‌బోర్డ్ మీద గంటల మీటర్ని ఎప్పుడో మార్చేసి ఉంటే మీకెలా తెలుస్తుంది? పొగ తక్కువ, వాసన తక్కువ, పక్కనున్న మనిషితో మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఇవి చిన్న విషయాలు కావు, ముఖ్యంగా ఇద్దరే తిరిగేటప్పుడు.

ఇంజన్‌గది:
మంచి మాట, ఆ రిపోర్ట్ తప్పకుండా అడగండి. దాంతోపాటు రెండు పడవలకీ ఇవి చేయించండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఎవరో ముందే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు వస్తామని వచ్చేయండి, చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడకుండా కొనకూడదు. సీ ట్రయల్‌లో, అంటే నీళ్ళ మీద నడిపి చూసేటప్పుడు, హల్ శుభ్రంగా, ట్యాంకులు నిండుగా ఉండగా ఫుల్ త్రాటిల్ ఇచ్చి కొన్ని నిమిషాలు ఉంచాలి. కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకోవాల్సిందే. రెండు ఇంజన్లూ అందుకోకపోతే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైందేమో అనుకోవచ్చు, ఒకటే అందుకోకపోతే జబ్బు ఆ ఇంజన్‌లోనే వెతకాలి. చివరిగా ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. సోడియం ఎక్కువుంటే ఉప్పునీరో కూలెంటో లోపలికి వస్తోందని అర్థం. కాకపోతే ఆయిల్ ఈ మధ్యే మార్చారేమో కనుక్కోండి, కొత్త ఆయిల్ ఏమీ చెప్పదు.

దూరతీరం:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. రెండో పడవ కుడి ఇంజన్ 3,000 ఆర్‌పీఎం అందుకుంది, ఎడమది 2,780 దగ్గర ఆగి నల్లగా పొగ వదిలింది. ఆయిల్ రిపోర్ట్‌లో ఎడమదానికి సోడియం, ఇనుము రెండూ కుడిదానికంటే బాగా ఎక్కువ. కూలర్ ఎప్పుడు విప్పారని అడిగితే, 410 గంటలే కదా, విప్పాల్సిన అవసరం రాలేదన్నారు. అక్కడే మా ఆవిడ నా మొహం చూసింది. ఇక మొదటిది, చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది, 2,600 అలవోకగా చేరింది, సముద్రపు నీటి పంప్ సీల్ దగ్గర చుక్కలు కారుతున్నాయి, అది మార్చిస్తామన్నారు. మూడు నోటు పుస్తకాలు ఇచ్చారు, ఆ పంప్ లోపలి ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) మార్చిన ప్రతి తారీఖూ ఉంది. దానికే మాటిచ్చి వచ్చాం.

రెండు_పంకాలు:
సంతోషం. నేనైనా ఆ ఎడమ ఇంజన్ చూశాక ఆ పడవ కొననండి. ఒక్కటి అడుగుతాను, ఆ పడవలో ప్రైమరీ ఇంధన ఫిల్టర్ ఒకటే ఉందా, రెండు పక్కపక్కన ఉండి మధ్యలో తిప్పే వాల్వ్ ఉందా? ఒకటే ఉంటే బౌ థ్రస్టర్ కంటే ముందు అది పెట్టించండి. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్ ఆపకుండానే రెండోదానికి మార్చుకోవచ్చు.

దూరతీరం:
ఒకటే ఉంది. పడవని పైకి తీసినప్పుడు పెట్టించాల్సినవాటిలో మొదటిదిగా రాసుకున్నాను, దాంతోపాటు ట్యాంకు అడుగు కూడా శుభ్రం చేయిస్తాను.