పాత ఓమ్ని: సిగ్నల్ దగ్గర హీట్, ఫ్లైఓవర్ ఎక్కితే నార్మల్, ఫ్యాన్ మాత్రం కొత్తదే

పూలబండి_మెహదీపట్నం:
అన్నలూ, నాది 2011 ఓమ్ని, పెట్రోల్ ప్లస్ ఎల్‌పీజీ. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు ఎత్తుకుని షాపులకు వేస్తాను. తెల్లవారుజామున ఏ గొడవా ఉండదు, తొమ్మిది దాటాక రేతిబౌలి, మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానంటే టెంపరేచర్ ముల్లు హెచ్ దాకా పోతుంది. అదే బండి ఆరాంఘర్ వైపు ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కిందంటే కాసేపట్లోనే ముల్లు దిగిపోతుంది. ఎండాకాలం మొదట్లో ఫ్యాన్ తిరగట్లేదని మెకానిక్ మోటార్ మార్చాడు, సెన్సర్ కూడా పోయిందని చెప్పి ఇగ్నిషన్ నుంచి డైరెక్ట్ వైరు లాగాడు. ఇప్పుడు తాళం తిప్పితే చాలు ఫ్యాన్ తిరుగుతుంది, అయినా హీట్ తగ్గట్లేదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజన్ దించాలి అంటున్నాడు. అసలే పెళ్లిళ్ల సీజన్, బండి ఆపితే నా పని అయిపోయినట్టే. నీళ్లు రోజూ కొంచెం తగ్గుతున్నాయి, పోసేది బోరు నీళ్లే. వేడికి పూలు వాడిపోయి గిరాకీలతో తిట్లు తింటున్నాను. ఏం చేయమంటారు?

టోలిచౌకి_ఆటో:
థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్లు వదిలేది) తీసి పారెయ్ భయ్యా. మా దాంట్లో తీసేశాం, మళ్లీ హీట్ అన్న మాటే లేదు.

పాత_మారుతి_మామ:
తమ్ముడూ, వాల్వ్ జోలికి పోకు. వాల్వ్ తెరుచుకోకుండా బిగుసుకుపోతే రోడ్డు ఖాళీగా ఉన్నా హీట్ అవుతుంది, నీకేమో ఫ్లైఓవర్ మీద ముల్లు దిగుతోంది. తీసేస్తే ఇంజన్‌కి సరైన వేడి రాక మైలేజీ పోతుంది, నీ ట్రాఫిక్ సమస్య అలాగే ఉంటుంది.

బండి పరిగెడితే చల్లబడి, ఆగితే వేడెక్కుతోందంటే ముందు చూడాల్సింది గాలిని. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌లోకి కొడుతుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఫ్యాన్ తిరుగుతోంది అన్నావు, సరే, గాలి ఎటు పోతోందో చూశావా? ఇది రెండు వైర్ల డీసీ మోటార్, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే ఆగదు, ఉల్టా తిరుగుతుంది. మోటార్ మార్చింది, వైరు లాగింది ఒకే మనిషి కాబట్టి నా అనుమానం పూర్తిగా దాని మీదే. ఫ్యాన్ తిరుగుతుండగా, చేతులు దూరంగా పెట్టుకుని, రేడియేటర్‌కి బయటి వైపు, అంటే బండి పోతే గాలి తగిలే వైపు, ఒక పేపర్ పట్టుకో. అతుక్కుంటే ఓకే. ఎగిరిపోతే ఫ్యాన్ ఎదురుగాలితో కొట్లాడుతోందన్నమాట.

గ్యాస్కెట్ సంగతి ఇంజన్ దించకుండానే కొంతవరకు తెలుస్తుంది. పొద్దున్నే బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్. బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నా, ఆయిల్ మూత కింద పాల రంగు నురగ పట్టినా, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ మానకపోయినా అప్పుడు గ్యాస్కెట్ మీద అనుమానపడు. వేడి బండికి మాత్రం మూత ముట్టుకోకు, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు వంద డిగ్రీలు దాటి ఉంటాయి, ముఖం కాలుతుంది. ఇంకో మాట, ముల్లు హెచ్‌లో పెట్టుకుని షాపు దాకా లాగేద్దాం అనుకోకు. అల్యూమినియం హెడ్ వంగిందంటే పోని గ్యాస్కెట్ కూడా అప్పుడు పోతుంది.

మలక్‌పేట_వైరింగ్:
మామ చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను, ఫ్యాన్ రెక్కని తిరగేసి బిగించారేమో కూడా చూడు. చాలామంది రెక్క తిరగేస్తే గాలి దిశ మారుతుందనుకుంటారు, మారదు, గాలి బలం మాత్రం బాగా తగ్గుతుంది. దిశ మారాలంటే ప్లస్ మైనస్ వైర్లే తారుమారు చేయాలి.

ఆ డైరెక్ట్ కనెక్షన్ కూడా పీకించేయ్. పొద్దస్తమానం తిరిగితే మోటార్ బ్రష్‌లు తొందరగా అరుగుతాయి, రిలే (ఎక్కువ కరెంటుని తట్టుకునే స్విచ్) లేకుండా సన్న వైరు మీద లాగి ఉంటే వైరు కాలుతుంది, అందులోనూ నీది గ్యాస్ బండి. నీది ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి) కదా, పాత వైరింగ్ తిరిగి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి కూలెంట్ సెన్సర్ కప్లర్ పీకి చూడు. చాలా ఎంపీఎఫ్‌ఐ బళ్లలో సెన్సర్ సిగ్నల్ రాకపోతే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) తనే ఫ్యాన్ ఆన్ చేస్తుంది. తిరిగిందంటే రిలే, వైరింగ్ బాగున్నట్టే, సెన్సర్ మారిస్తే చాలు. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత ఎర్త్ పాయింట్ తుప్పు. (చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, టెన్షన్ పడకు.)

ఎల్‌పీజీ రిడ్యూసర్ (ద్రవ గ్యాస్‌ని ఆవిరి చేసి ఇంజన్‌కి ఇచ్చేది) కూడా మర్చిపోవద్దు. ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరయ్యేటప్పుడు అది బాగా చల్లబడుతుంది కాబట్టి ఇంజన్ వేడి నీళ్లని దాని గుండా తిప్పుతారు. ఇంజన్ మండిపోతున్నా రిడ్యూసర్ చల్లగా ఉందంటే నీళ్లు తక్కువయ్యాయి, లేదా పైపులో గాలి చిక్కుకుంది.

పూలబండి_మెహదీపట్నం:
మామా, పేపర్ ఎగిరిపోయింది! వైర్లు మార్పించాను, ఇప్పుడు అతుక్కుంటోంది. నిన్న మెహదీపట్నం సిగ్నల్లో ముల్లు సగం దాటి కొంచెం పైకి పోయి ఆగింది, హెచ్ దాకా పోలేదు. బుడగలు లేవు, ఆయిల్ మామూలుగానే ఉంది. మలక్‌పేట అన్నా, రిడ్యూసర్‌కి పోయే పైపు జాయింట్ దగ్గర తడి ఉంది, రిడ్యూసర్ గోరువెచ్చగానే ఉంది. హీటర్ ఆన్ చేస్తే ఇంజన్ చల్లబడుతుందని ఒకాయన చెప్పాడు, ఓమ్నిలో హీటర్ ఎక్కడిది, నా సీటే హీటర్.

మలక్‌పేట_వైరింగ్:
తగ్గుతున్న నీళ్లు చాలావరకు ఆ జాయింట్ దగ్గరే పోతున్నట్టున్నాయి. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ బజారుకి పోయి పాత ముక్క చూపించి హోస్ తెచ్చుకో, క్లిప్పులు స్క్రూ టైపువి తీసుకో, రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి ఉంటే అది కూడా. బోరు నీళ్లు మొత్తం వదిలేసి రేడియేటర్ ఫ్లష్ చేయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించు. సున్నం ఎక్కువ పేరుకుని ఉంటే ఫ్లష్‌తో పోదు, రేడియేటర్ దించి రాడ్ కొట్టించాలి (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయించాలి). ముల్లు ఇంకా సగం దాటుతోందంటే నాకు అదే అనుమానం. నింపేటప్పుడు చల్లటి బండిని ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద పెట్టి, మూత తీసి స్టార్ట్ చేసి, పై హోస్ వేడెక్కేదాకా ఉంచు. ఆ హోస్‌ని మధ్యమధ్యలో చేత్తో నొక్కుతుంటే చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది, లెవెల్ పడిపోతే పోస్తూ ఉండు. రిడ్యూసర్ కూడా బాగా వేడెక్కితే గాలి పోయినట్టే.

పాత_మారుతి_మామ:
అన్నీ అయ్యాక కూడా సిగ్నల్లో ముల్లు ఎక్కితే బెల్టు లూజు, వాటర్ పంప్ చూపించు. ఇంజన్ దించే మాట ఆ తర్వాతే, అది కూడా వేరే మెకానిక్ దగ్గర.