కొత్త ఉప్పునీటి ట్యాంకు: ఒకసారి తేటపడి మళ్ళీ తెల్లబడింది, ఎందుకు?

విద్యానగర్ వసుధ:

అందరికీ నమస్కారం. మంచినీళ్ళ ట్యాంకు నాలుగేళ్ళుగా చూసుకుంటున్నాను. గప్పీలు, ఏంజెల్స్ బాగానే ఉన్నాయి. ఆ ధైర్యంతోనే ఉప్పునీళ్ళలోకి దిగాను. మావాడికి నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్ చేప కావాలట. పదో తరగతి పరీక్షలు అయ్యాక కొనిస్తానని మాటిచ్చాను. పరీక్షలు అయిపోయాయి, ట్యాంకు మాత్రం ఇలా తగలడింది.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇసుక, రాళ్ళు పోను 160 లీటర్లు పట్టింది. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు వద్దనుకుని 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఎనిమిది తెప్పించాను. మోసుకొచ్చిన అబ్బాయి "ఏం ఫంక్షన్ మేడం?" అని అడిగాడు. టీడీఎస్ మీటరు పెడితే క్యాన్ నీళ్ళు 42 చూపించింది, బోరు నీళ్ళు 900 దాటాయి. ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు ఆరు కిలోలు పట్టింది, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025. అరగోనైట్ ఇసుక 15 కిలోలు, ఎండు రాళ్ళు 12 కిలోలు. నురగతో మురికి లాగే స్కిమ్మర్, నీళ్ళు కదిపే వేవ్ మేకర్ రెండూ తిరుగుతున్నాయి. చేపలు ఇంకా వేయలేదు.

ఇసుక పోసిన రోజు ట్యాంకు వెల్ల వేయడానికి సున్నం కలిపిన తొట్టిలా ఉంది. అది మామూలేనన్నారు, ఊరుకున్నాను. మూడో రోజుకు తేటపడింది. ట్యాంకు వెనక గోడకున్న క్యాలెండర్‌లో తిథులు కూడా నీళ్ళలోంచి చదవగలిగాను. నాలుగో రోజు సైకిల్ (చేపలకు విషమైన అమ్మోనియాని తినే బాక్టీరియా ట్యాంకులో పెరగడం) మొదలవ్వాలని రొయ్య వేశాను. ఆరో రోజు పొద్దున లేచి చూస్తే మళ్ళీ తెల్లగా ఉంది. "దీంట్లో పాలు ఎవరు ఒలకబోశారే?" అంది మా అత్తయ్య. ఇవాళ తొమ్మిదో రోజు. తిథులు సరే, క్యాలెండర్ మీది వెంకటేశ్వరస్వామి కూడా కనబడట్లేదు.

షాపతను ఇసుక సరిగ్గా కడగలేదంటున్నాడు. నా చేతులు పొక్కిపోయేలా కడిగాను. నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలా? ఆరు కిలోల ఉప్పు కాలవ పాలు చేయడానికి మనసు ఒప్పట్లేదు.

బోరబండ భయ్యా:

ఇసుకే మేడం, డౌటే లేదు. మొత్తం తీసేసి మళ్ళీ కడగండి. అంత ఓపిక లేకపోతే నీళ్ళు తేటపరిచే మందు దొరుకుతుంది, రెండు మూతలు వేస్తే పొద్దునకల్లా అద్దంలా అయిపోతుంది. నా గోల్డ్‌ఫిష్ ట్యాంకులో అదే వేస్తా.

సైనిక్‌పురి ఉప్పు మామ:

భయ్యా, కాస్త ఆగు. ఇసుకే అయితే మధ్యలో తేటపడి మళ్ళీ ఎందుకు లేస్తుంది? వేవ్ మేకర్ మూతి ఇసుక మీదికి తిరిగి ఉంటే తప్ప అలా జరగదు. ఆ మందు ఉప్పునీళ్ళలో పోస్తే స్కిమ్మర్ రాత్రికి రాత్రే పొంగి హాలంతా తడిపినా తడుపుతుంది. నాకు ఒకసారి అయింది, కింద ఫ్లాట్ వాళ్ళు పైకొచ్చారు.

వసుధమ్మా, ఆ తెలుపు ఏమిటో తేలకుండా ఏదీ పోయొద్దు, ఏదీ పారబోయొద్దు. రెండు గాజు గ్లాసుల్లో ట్యాంకు నీళ్ళు తీసుకోండి. ఒకటి కదపకుండా రాత్రంతా వదిలేయండి. ఇసుక దుమ్మయితే చాలావరకు పొద్దునకు అడుగున తెల్లటి పొరలా పేరుకుంటుంది. రెండో దాంట్లో రెండు చెంచాల వెనిగర్ కలపండి. తెలుపు విరిగి నీళ్ళు తేటపడితే అది సున్నపు పదార్థం, అంటే కాల్షియం కార్బొనేట్. ఇసుక దుమ్ము కూడా అదే. ఉప్పు కలపడంలో తేడా వచ్చినా, పీహెచ్ పెంచే పొడులు ఎక్కువైనా అదే తయారవుతుంది. అప్పుడు హీటర్ మీద కూడా తెల్లటి గరుకు కనబడుతుంది. పేరుకోకుండా, వెనిగర్‌కు కరగకుండా అలాగే ఉందంటే బాక్టీరియా.

బోరు నీళ్ళు పోయకపోవడం మంచిదైంది. ఉప్పులో కాల్షియం ఎలాగూ ఉంటుంది, మన బోరులోది కూడా తోడైతే ఆ తెలుపు వచ్చేది.

ఇంకో మాట. రొయ్య వేశానన్నారు. ఎన్ని?

విద్యానగర్ వసుధ:

గ్లాసులో ఏమీ పేరుకోలేదు, నిన్న రాత్రి ఎలా ఉందో పొద్దునా అలాగే ఉంది. వెనిగర్ గ్లాసు కూడా అంతే. హీటర్ నున్నగా ఉంది.

రొయ్యల సంగతి. నేను అబద్ధం చెప్పలేదు, పూర్తిగా చెప్పలేదంతే. మా ఇంట్లో నీచు వండం. నేను పుట్టాక రొయ్య ముట్టుకోలేదు. వీడియోలో "పచ్చి రొయ్య వేయండి" అన్నారు కదా అని మా వాచ్‌మన్‌కు డబ్బులిచ్చి రాంనగర్ చేపల మార్కెట్‌కు పంపాను. ఒక్క రొయ్య ఎవరిస్తారు, పావుకిలో తెచ్చాడు. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే అత్తయ్య ఇల్లొదిలి పోతుంది. అందుకని అన్నీ ట్యాంకులోనే వేసేశాను. పదో పదకొండో ఉంటాయి. ఎక్కువ వేస్తే సైకిల్ తొందరగా అవుతుందేమో అని కూడా అనుకున్నాను.

అగరుబత్తీలు వెలిగిస్తూనే ఉన్నాను. వాసన మాత్రం పోవట్లేదు.

సైనిక్‌పురి ఉప్పు మామ:

పావుకిలో! నవ్వినందుకు ఏమీ అనుకోకమ్మా. మీ ట్యాంకుకు ఒక్కటి చాలు.

జరిగింది ఇదీ. రొయ్య కుళ్ళేటప్పుడు దాన్ని తినే బాక్టీరియా ఒక రకం, అందులోంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా ఇంకో రకం. మొదటి రకానికి తిండి, వేడి దొరికితే గంటలోపే రెట్టింపవుతుంది. ఏప్రిల్‌లో దోసెల పిండి బయట పెడితే ఎలా పొంగుతుందో చూశారుగా, అలా. రెండో రకం రెట్టింపు కావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. మనకు కావలసింది ఆ నిదానస్తులే. వాళ్ళు రాళ్ళకు, ఇసుకకు అంటుకుని ఉంటారు, నీళ్ళలో తేలరు. మీకు కనబడుతున్న పాలు మొదటి రకం.

రొయ్యలన్నీ తీసేయండి. మెత్తబడి ముక్కలై రాళ్ళ వెనక చిక్కుకుని ఉంటాయి, సన్నటి పైపుతో లాగాలి. చేత్తో తీయలేకపోతే మీవాణ్ణి పిలవండి, చేప కావాల్సింది వాడికే కదా. తర్వాత అమ్మోనియా పరీక్ష చేసి అంకె చెప్పండి. స్కిమ్మర్ ఆపొద్దు. బాక్టీరియాని కొంత బయటికి లాగుతుంది, గాలి కూడా కలుపుతుంది. గాలి ఎందుకంటే 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటాయి, ఉప్పునీళ్ళు ఏడు కూడా పట్టుకోలేవు. వేడెక్కితే ఇంకా తక్కువ. ఉన్న కాస్తా ఈ బాక్టీరియా పీల్చేస్తోంది. ఇప్పుడు చేప వేస్తే అమ్మోనియా కంటే ముందు ఊపిరాడకే పోతుంది.

విద్యానగర్ వసుధ:

మావాడు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని తీశాడు. టెస్ట్ కిట్‌లో ముదురు ఆకుపచ్చ వచ్చింది, రంగుల కార్డులో చివరి గడి, 8. నీళ్ళు 31 డిగ్రీలున్నాయి.

సైనిక్‌పురి ఉప్పు మామ:

8 చాలా ఎక్కువ. అంత ఉంటే మన నిదానస్తుల పని కూడా కుంటుపడొచ్చు. సగం నీళ్ళు మార్చక తప్పదు, నాలుగు క్యాన్లు, మూడు కిలోల ఉప్పు. రెండు రోజులాగి మళ్ళీ చూసి, ఇంకా ఎక్కువుంటే ఇంకోసారి సగం. 2 దగ్గరికి వస్తే చాలు, అక్కడ వదిలేయండి. ఉప్పు బకెట్లోనే కలిపి, ముందు రోజు నుంచి పంపుతో తిప్పి, అప్పుడు పోయండి. తెలుపు దానంతటదే పోతుంది.

కొత్తపేట కిరణ్:

అక్కా, 31కి నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొనమని ఎవరైనా చెప్తే అప్పుడే కొనకండి. నీళ్ళ మీద అడ్డంగా గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వైజాగ్‌లో మా బావ ఇదే చేస్తే ఒక్క డిగ్రీ కూడా దిగలేదు, అక్కడి గాలిలోనే తేమ. ఆవిరైన నీళ్ళకు బదులు ఉత్త క్యాన్ నీళ్ళే పోయాలి, ఉప్పు కలపొద్దు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. నేను మొదట్లో ఉప్పునీళ్ళే పోస్తూ పోయి 1.030 దాటించాను.

"బతికున్న పగడం ఇస్తా, ట్యాంకు వెంటనే సెట్ అవుతుంది" అని ఎవరైనా అంటే వద్దనండి. రాతి పగడాలు మన వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, ఇంట్లో దొరికితే కేసు.

బోరబండ భయ్యా:

నేను ఇసుకే అనుకున్నా. గ్లాసు పరీక్ష నాకూ పనికొస్తుంది మామా, థ్యాంక్స్.

విద్యానగర్ వసుధ:

ఇవాళ 22వ రోజు. రెండుసార్లు సగం సగం మార్చాను. క్యాన్ల అబ్బాయి ఇప్పుడు ఏమీ అడగట్లేదు, తెచ్చి పెట్టి వెళ్ళిపోతున్నాడు. 14వ రోజు స్వామివారి కిరీటం కనబడింది, 16కల్లా తిథులు. అమ్మోనియా 1కి వచ్చింది, అమ్మోనియా మారి తయారయ్యే నైట్రైట్ మొదటిసారి ఊదా రంగు చూపించింది. ఫ్యాన్ పెట్టాక 28 డిగ్రీలు, రోజూ రెండు లీటర్ల దాకా తగ్గుతున్నాయి.

ఇసుక మీద గోధుమ రంగు మరకలు మొదలయ్యాయి. మళ్ళీ ఏం చేశాను నేను?

సైనిక్‌పురి ఉప్పు మామ:

ఈసారి మీరేం చేయలేదు, అవి డయాటమ్స్, కంటికి విడిగా కనబడనంత సన్నటి ఒక రకం నాచు. చాలా కొత్త ట్యాంకులకు వస్తాయి, కొన్ని వారాలుండి పోతాయి. లైటు గంటలు తగ్గించి చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాక మీవాణ్ణి తీసుకుని షాపుకు వెళ్ళండి. ఒకటే చేప, రొయ్యల్లాగా పావుకిలో కాదు.