అమ్మతో కొండ ఊరికి: దారిలో ఒక రాత్రి ఆగాలా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మను తీసుకుని ఒక చిన్న కొండ ఊరికి వెళ్తున్నాను. మొత్తం నాలుగు రోజులు. ఆ ఊరు 2,600 మీటర్ల ఎత్తులో ఉంది, మేముండేదేమో సముద్రమట్టానికి దగ్గర్లో. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం వస్తాయని, నిద్ర పట్టదని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అమ్మకు 64 ఏళ్లు, బీపీ మందులు వాడుతుంది. డాక్టర్‌ని అడిగితే నెమ్మదిగా ఎక్కితే ఫర్వాలేదన్నారు.

దారిలో 1,500 మీటర్ల దగ్గర ఒక రాత్రి ఆగితే నిజంగా తేడా తెలుస్తుందా? లేక నేరుగా వెళ్లి మొదటి రోజంతా విశ్రాంతి తీసుకుంటే చాలా? ఆగితే పైన మూడు రోజులే మిగులుతాయి, అదే నా బాధ.

నాకు ట్రెక్కింగ్ ఇష్టం. కొండల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుముల వాన పడే అవకాశం ఎక్కువ కాబట్టి, తెల్లవారుజామునే వెళ్లి పదకొండుకల్లా దిగిపోతాను. అమ్మకు మాత్రం చెరువు గట్టున కూర్చుని పొగమంచు విడిపోవడం చూస్తే చాలు, ఎంత సంతోషమో! ఆమె మోకాళ్లకు సరిపడే చదునైన నడకదారి ఉందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి? మ్యాప్‌లో దూరం కనిపిస్తోంది గానీ ఎక్కుడు ఎంతో అర్థం కావడం లేదు.

పెద్దవాళ్లతో అంత ఎత్తుకు వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.