1976 పద్మిని: ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తే డైనమో తట్టుకుంటుందా?

మలక్‌పేట ఫియట్:

నమస్తే. మా నాన్న 1976లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా దగ్గరుంది. ఆర్సీలో పద్మినే గానీ ఇంట్లో ఈరోజుకీ అందరం ఫియట్ అనే అంటాం. 1089 సీసీ ఇంజన్, బ్యాటరీని చార్జ్ చేసే డైనమో, వాటర్ పంపు మీద తిరిగే రేకు ఫ్యాన్, అన్నీ పాతవే.

ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొస్తే టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదలదు. మొన్న గురువారం సాయంత్రం చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఇరవై నిమిషాల్లో ముల్లు ఎర్రగీత తాకింది. పక్కకు తీసి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేశానో లేదో ఒక ఆటో ఆయన "మూత ముట్టకన్నా, మొహం కాలిపోతది" అని అరిచాడు. ఆయన పుణ్యాన మొహం మిగిలింది.

మా వీధి మెకానిక్ రేకు ఫ్యాన్ పీకేసి మారుతీ 800 ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించి, డాష్‌బోర్డు కింద స్విచ్ ఇస్తానంటున్నాడు. గంట పనట. ఆత్రం కొద్దీ ఫ్యాన్ కొనేశాను కూడా. డైనమో దీన్ని మోస్తుందా? బాడీకి కొత్త రంధ్రం పడటం మాత్రం నాకిష్టం లేదు. నాన్న చూస్తే ఊరుకోరు.

రాణిగంజ్ పాతకాపు:

బాబూ, సిగ్నల్ దగ్గర బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు డాష్‌బోర్డులో చార్జింగ్ ఎర్ర లైటు మినుకుమంటుందా? డైనమో బండి కదా, మినుకుమంటుంది. అంటే ఆ టైములో డైనమో దాదాపు ఏమీ ఇవ్వడం లేదు. నీకు ఫ్యాన్ కావలసింది సరిగ్గా అప్పుడే. ఆ ఏడెనిమిది ఆంపియర్లూ బ్యాటరీయే పెట్టుకోవాలి. రోడ్డు ఖాళీ అయి యాభైలో వెళ్తుంటే డైనమో బాగానే ఇస్తుంది, కానీ అప్పుడు గాలి దానంతటదే తగులుతుంది, ఫ్యాన్‌తో పనే లేదు.

ముప్పై ఏళ్ల కిందట నా అంబాసిడర్‌కి నేనూ ఇదే వేషం వేశాను. వానాకాలం రాత్రి, హెడ్‌లైట్లు, వైపర్, పైన ఈ ఫ్యాన్. పంజాగుట్ట చేరేసరికి లైట్లు కిరసనాయిలు బుడ్డిలా అయ్యాయి. ఆగింది, మళ్లీ స్టార్ట్ కాలేదు. పెళ్లికి వెళ్తున్నాం. పట్టుచీరలో మా ఆవిడ తోసింది. ఆ మాట ఇప్పటికీ నెలకోసారి వింటాను.

అసలు సంగతి వేరే. ఈ బండి ఎన్నో హైదరాబాద్ ఎండాకాలాల్ని ఆ రేకు ఫ్యాన్‌తోనే దాటింది. ఇప్పుడెందుకు కాగుతోంది? ఇన్నేళ్లూ రేడియేటర్‌లో ఏ నీళ్లు పోశారు? బోరు నీళ్లే అయితే గొట్టాల్లో తెల్లటి ఉప్పు గట్టిపడి ఉంటుంది, మన బిందెల అడుగున పేరుకుంటుంది చూడు, అదే. బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపేసి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక, రేడియేటర్ ముందు వైపు అరచెయ్యి దగ్గరగా పెట్టి మెల్లగా జరుపు. ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ మూసుకుపోయినట్టు. మూత మాత్రం చల్లారేదాకా ముట్టకు. ఇంజన్‌ది అల్యూమినియం హెడ్, ఇంకో రెండుసార్లు ఇలా కాగితే వంగుతుంది, గాస్కెట్ పోతుంది. అప్పుడు అయ్యే ఖర్చు ముందు ఈ ఫ్యాన్ ఖర్చు ఓ లెక్క కాదు.

వాటర్ పంపుని, ఫ్యాన్‌ని తిప్పే బెల్టు కూడా చూసుకో. మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం లోపలికి వెళ్లాలి, అంతకంటే వదులుంటే బెల్టు జారుతున్నట్టే.

తడిగుడ్డ బ్యాచ్:

ఆగిపోయిందా, ముల్లు లేచిందంతేనా? ఆగితే అది పెట్రోల్ పంపు వేడెక్కడం. దాని మీద తడిగుడ్డ చుట్టాలి. మా మామయ్య ఫియట్‌లో డిక్కీలో స్టెప్నీ లేకపోయినా గుడ్డ ఉండేది.

ఉప్పల్ 1100:

నేను పెట్టించుకున్నాను, మూడేళ్లయింది. ముందు డైనమో బదులు ఐడిలింగ్‌లోనూ చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ వేయించాను, ఆ తర్వాతే ఫ్యాన్. పాతకాపు గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఎప్పటికైనా పెట్టిస్తే కొన్ని చూసుకోండి. స్విచ్ నుంచి నేరుగా ఫ్యాన్‌కి కరెంటు ఇవ్వనివ్వకండి, స్విచ్ మాడిపోతుంది. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసేది), 20 ఆంపియర్ ఫ్యూజు ఉండాలి. ఫ్యాన్‌ని ప్లాస్టిక్ ట్యాగులతో రేడియేటర్ రేకుల్లోంచి దూర్చి కట్టేస్తారు, ఆ పని అస్సలు వద్దు. అదురుకి అరిగి గొట్టం కారుతుంది. రేడియేటర్ బిగించే పాత బోల్టులకే పట్టీలు వేయించండి, కొత్త రంధ్రం అక్కర్లేదు. మారుతీలో ఆ ఫ్యాన్ ఇంజన్ వైపు ఉండి గాలిని లాగుతుంది. మీ బండిలో అక్కడ చోటు చాలక గ్రిల్ వైపు పెట్టి వైర్లు తిరగేస్తే గాలి దిశ మారుతుంది గానీ, బ్లేడు వంపు ఎదురై జోరు తగ్గిపోతుంది.

నేను రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నది ఇంకొకటి. నీళ్ల వేడి 92 డిగ్రీలకు చేరితే ఆన్, 87కి దిగితే ఆఫ్ అయ్యే స్విచ్‌ని రేడియేటర్ పై హోసు కోసి మధ్యలో ఒక లోహపు గొట్టం పెట్టి దానికి బిగించాను. ఫ్యాన్ తిరగదు. రెండు పక్కలా రబ్బరే కదా, ఆ గొట్టానికి ఎర్త్ ఎక్కడిది! విడిగా ఒక వైరు బాడీకి కలిపాక తిరిగింది.

మలక్‌పేట ఫియట్:

చెయ్యి పెట్టి చూశాను. కింద ఎడమ మూల అరచెయ్యంత మేర చల్లగా ఉంది. రేడియేటర్ షాపులో పై ట్యాంకు విప్పితే సగం గొట్టాలు సున్నం కొట్టినట్టున్నాయి. కమ్మీలు దూర్చి శుభ్రం చేసి మళ్లీ అతికారు. ఈసారి కూలెంట్ పోయించాను. నిన్న కావాలనే సాయంత్రం ఆరింటికి చాదర్‌ఘాట్ మీదుగా కోఠి వెళ్లాను. ముల్లు సగం దాటి కొంచెం పైకి వెళ్లింది, అక్కడే ఆగింది. రేకు ఫ్యానే తిరుగుతోంది.

మారుతీ ఫ్యాన్ అటకెక్కింది. వచ్చే ఎండాకాలంలోపు ఆల్టర్నేటర్ వేయిద్దామనుకుంటున్నా. అప్పుడు డైనమో చార్జింగ్‌ని అదుపు చేసే పాత రెగ్యులేటర్ డబ్బా తీసేయాలా?

ఉప్పల్ 1100:

తీయకండి. ఆల్టర్నేటర్‌లోనే రెగ్యులేటర్ ఉన్నది కొనండి, ఆ డబ్బా లోపలే పాత వైర్లు కలిపేసి మూత పెట్టేయండి. నాన్నగారు బానెట్ ఎత్తినా ఏమీ కనబడదు.