బదనిక అంటే ఏది?

ఇంటికొచ్చి పది రోజులైనా కదలని చుట్టాన్ని మా అమ్మమ్మ "బదనికలా పట్టుకున్నాడే" అనేది. మొన్న ఊళ్లో మామిడి కొమ్మ మీద ఆర్కిడ్ చూపించి, అదే బదనిక అన్నాడు మా బాబాయి. ఆర్కిడ్ చెట్టు రసం పీల్చదు కదండీ? ఇంతకీ ఏది బదనిక?

— రెండూనండీ, చిక్కంతా అక్కడే. ఇంకో చెట్టు మీద మొలిస్తే చాలు, మనవాళ్లు బదనిక అనేశారు. సంస్కృతంలోనూ ఇదే గొడవ. అమరకోశంలో "వందా వృక్షాదనీ వృక్షరుహా జీవంతికేత్యపి" అని ఉంది. వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది, ఆర్కిడ్‌కీ నప్పుతుంది. వృక్షాదని అంటే చెట్టును తినేది, అది మాత్రం నప్పదు. సంస్కృతం నేర్చిన ఆంగ్ల పండితుడు విలియం జోన్స్ ఆ 'వందా' పేరుతోనే ఒక ఆర్కిడ్‌ని వర్ణించాడు, అది 1795లో అచ్చయింది. శాస్త్రంలో వాండా అని అదే నిలిచిపోయింది. ఏ పాపం ఎరగని మొక్కకి చెట్టును తినేదాని పేరు!

మీ అమ్మమ్మగారన్నది అసలు బదనిక, శాస్త్రనామం డెండ్రోఫ్తే ఫాల్కాటా. మామిడాకు పొడుగ్గా, కొస తేలి ఉంటుంది కదా. దీని ఆకు మందంగా, తోలులా, కొస మొద్దుగా ఉంటుంది. పువ్వు వంకర తిరిగిన సన్నని గొట్టం, నారింజ ఎరుపు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది కొమ్మకి అతుక్కున్న చోటు. అక్కడ ముడిలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులోంచే కొమ్మలోకి దిగి నీళ్లూ లవణాలూ లాగేస్తుంది. ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి పిండిపదార్థం తనే వండుకుంటుంది, అంటే సగం పరాన్నజీవి. పండులో గింజ చుట్టూ జిగురు. చిన్న పిట్టలు తిని, అంటుకున్న గింజని కొమ్మకి రాసి వదిలించుకుంటాయి. అక్కడే ఇంకోటి మొలుస్తుంది.

ఆర్కిడ్‌కి ఈ ఉబ్బు ఉండదు. తెల్లటి లావు వేర్లు బెరడుని పైపైన కావలించుకుని ఉంటాయంతే. ఓపిగ్గా తీస్తే వేర్లతో సహా ఊడొస్తుంది.

— ఇవాళ మళ్లీ వెళ్లానండీ. బాబాయి చూపించింది ఆర్కిడ్డే, వేర్లు పైన పాకి ఉన్నాయి. కానీ పక్క కొమ్మనే ఎర్ర గొట్టాల పూలు! లాగితే ఊడలేదు, పుటుక్కున విరిగింది. ముడి అలాగే ఉండిపోయింది.

— విరిస్తే లాభం లేదండీ, మళ్లీ చిగురేస్తుంది. ముడికి ఇవతల, మాను వైపు నుంచి కొమ్మ కోసేయమనండి.