సంకేతాలు విప్పినోళ్ల యాదిల 20 నిమిషాలు: పిల్లలకు ఏం చూపియ్యాలె?

నల్లగొండ_కేడెట్:
సంకేతాల పనిల ప్రాణమిడిసిన సైనికుల యాదిల మా హైస్కూల్ల అక్టోబర్ 30న కార్యక్రమం పెట్టుకున్నం. తొమ్మిది, పది తరగతులు, 60 మంది. ఉట్టి మౌనం పాటిస్తే వాళ్లకేం తెలుస్తది? రెండో ప్రపంచ యుద్ధంల జర్మన్లు సందేశాలను రహస్య సంకేతాలుగ మార్చిన ఇనిగ్మా యంత్రం సంగతి బోర్డు మీద మొత్తం చెప్పొచ్చా?

మాజీ_సిగ్నల్స్_పాలమూరు:
వద్దు తమ్మీ, 20 నిమిషాలు అండ్ల అక్షరాలు మార్చే చక్రాల సంగతి చెప్పుడుకే అయిపోతయి. సంకేతాల పుస్తకాల సంగతి చెప్పు. 1942ల అదే తారీఖు రాత్రి మధ్యధరా సముద్రంల జర్మన్ల జలాంతర్గామి యు-559 మునుగుతుంటే, బ్రిటిష్ ఓడ పెటార్డ్ నుంచి లెఫ్టినెంట్ ఆంటొనీ ఫాసన్, నావికుడు కాలిన్ గ్రేజియర్ అండ్లకు దిగిన్రు. క్యాంటీన్ల పనిచేసే 16 ఏండ్ల టామీ బ్రౌన్ ఆ పుస్తకాలను నిచ్చెన మీదికెళ్లి పైకి చేరేసిండు. పుస్తకాలు దక్కినయి, ఆ ఇద్దరు దక్కలే.

అండ్ల వాతావరణ సంకేతాల పుస్తకం ముఖ్యం, సందేశంల ఏం రాసి ఉంటదో ఊహించనీకి అదే ఆధారం. ఫిబ్రవరిల జర్మన్లు నాలుగో చక్రం పెట్టినప్పటి నుంచి జలాంతర్గాముల సందేశాలు విప్పుడు బ్రిటన్ సంకేతాల కేంద్రమైన బ్లెచ్లీ పార్కోళ్లతోని కాలే. వాతావరణ సందేశాలకు మాత్రం ఆ చక్రాన్ని ఏ మార్పు చెయ్యని స్థానంల ఉంచేటోళ్లు. అంటే ఇనిగ్మా చక్రాల అమరిక వెతికే, మూడు చక్రాల 'బాంబ్' అనే యంత్రాలే సరిపోతయి. ఆ రోజు మిగతా సందేశాలకు నాలుగో చక్రం 26 స్థానాలు చూస్తే చాలు. డిసెంబర్ 13కు దారి దొరికింది.

ఆ పుస్తకాల సిరా నీళ్లల్ల కరుగుతది. ఇంకు పెన్నుతోని రాసిన కాయితం గిన్నెల ముంచి చూపియ్యి. బాల్ పెన్ను పనికిరాదు, అది చెదరదు.

లెక్కల_సారు_దేవరకొండ:
చేతిపని ఒకటి: ఇనిగ్మాల ఏ అక్షరమూ తనలాగనే మారదు. 1 సెంటీమీటరు గళ్ల కాయితం పట్టీ మీద 40 ఇంగ్లిష్ అక్షరాలు ఇష్టమొచ్చినట్లు రాయండి, అది రహస్య సందేశం అనుకోవాలె. ఇంకో పట్టీ మీద, అండ్ల దాగి ఉందని ఊహించే జర్మన్ మాట 'వెట్టర్‌ఫోర్‌హెర్‌జాగె బిస్కాయా' (WETTERVORHERSAGEBISKAYA) అని ఇంగ్లిష్ అక్షరాలల్ల, నడుమ ఖాళీ ఇడువకుండ, 23 గళ్లల్ల రాయండి. బిస్కే అఖాతం వాతావరణ సూచన అని అర్థం. కింద ఒక్కొక్క గడి జరుపుతూ పోవాలె. మీదా కిందా ఒక్క అక్షరం కలిసినా ఆ చోటు కొట్టేయాలె. 18 చోట్లల్ల సగటున ఏడే మిగుల్తయి.

ఒక్క 'వెట్టర్' ఆరక్షరాలే పెడితే 35 చోట్లల్ల దాదాపు 28 మిగుల్తయి, పిల్లలకు విసుగొస్తది. అసలు చోటు ముందే ఎంచుకొని, ఆడ కలిసిన అక్షరాలు మార్చి పెట్టుకోండి. లేకుంటే సరైన జవాబే కొట్టేస్తరు. ఐదుగురికో జత, 12 జతలు.

నల్లగొండ_కేడెట్:
మన దేశం సంగతి ఏమన్న చెప్పొచ్చా సార్?

మాజీ_సిగ్నల్స్_పాలమూరు:
ఢిల్లీ ఆనంద్ పర్బత్ మీద రాంజాస్ కాలేజీల వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ ఉండె. జపాన్ సైన్యం సంకేతాలు ఆడ కూడ విప్పిన్రు. అసలు పని దాచనీకి ప్రయోగశాల అన్నట్లు ఆ పేరు. ఒక్క నిమిషం చాలు.

పేర్లు చదివేటప్పుడు బ్రౌన్‌ను మర్వకు. 1945ల ఇల్లు కాలుతుంటే చిన్న చెల్లెను కాపాడబోయి ఆ పిల్లగాడు కూడ పోయిండు.